కుడిచెయ్యి ఎవరు కుడతారు

ఆ గదిలో అందరికంటే వయసులో పెద్దది చిన్నక్క. పనిలో చేరిన కొత్తలో అందరికంటే చిన్నది కాబట్టి ఆ పేరు పెట్టారు. జుట్టు నెరిసింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, పేరు మాత్రం అక్కడే ఆగిపోయింది. గదిలో మాట చెల్లేది ఆమెదే. ఆమె నవ్వితే మిగతా కుట్టువాళ్లు నవ్వుతారు. ఆమె మూతి ముడుచుకుంటే ఆ పూట ఎవరి నోటా పాట రాదు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే, ఇంకా సూదిలో దారం కూడా ఎక్కించకుండా, అందరూ వినేలా ప్రకటించేసింది.

"ఆ ఎర్రసుద్ద ఈ గడప ఎక్కిన రోజు నేను ఈ గడప దిగుతా. ఇదిగో, మీరందరూ సాక్ష్యం."

ఎర్రసుద్ద అంటే మనిషే. తమాషా ఏమిటంటే, ఆ మనిషిని చిన్నక్క అప్పటికి కళ్లతో చూడలేదు. గొంతు వినలేదు. లావో సన్నమో కూడా తెలియదు. అయినా సరే, కడుపు నిండా కోపం ఉంది.

ఆ కోపం ఎలా పుట్టిందో చెప్పాలి. అది తోలు గ్లౌజులు కుట్టే చోటు. కింద కొట్టు, పైన కుట్టుగది. ఒకప్పుడు ఊరి చివరి పెద్ద ఫ్యాక్టరీ వాళ్లు కొన్ని లాట్లు వీళ్ల చేత కుట్టించుకునేవారు. ఫ్యాక్టరీలో సరుకు సరిచూసే ఒకావిడ ఉండేది. ఒక లాటు మొత్తం, చిన్నక్క తను కుడుతూ ముందుండి కుట్టించిన లాటు, మూటకు మూట వెనక్కి వచ్చింది. ప్రతి గ్లౌజు అరచేతి మీదా ఎర్రసుద్దతో ఇంటూ గుర్తు. చీటీ లేదు, మాట లేదు. ఆ ఎర్ర గీతలు చూసి చిన్నక్కకి చెంపదెబ్బ తిన్నట్టయింది. ఆ రోజు నుంచి ఆ మనిషికి ఎర్రసుద్ద అని పేరు పడింది. తర్వాత వాన పడినా, కరెంటు పోయినా, టీ చల్లారినా, "ఎర్రసుద్ద మొహం చూసి లేచావా?" అనడం గదిలో అలవాటైపోయింది. పాపం, ఆ మొహం ఎవరూ చూడలేదని ఒక్కరికీ తట్టలేదు.

ఇప్పుడు ఆ ఎర్రసుద్దని ఫ్యాక్టరీ వాళ్లు పీకేశారు. ఊళ్లో ఏ తోలుపనివాళ్లూ ఆమెని గుమ్మంలోకి రానివ్వలేదు, తీసుకోవద్దని ఫ్యాక్టరీ వాళ్లు ముందే అందరి చెవుల్లో వేసేశారు. ఒక్క గదిలో ముసలి తల్లితో ఉంటోంది. చివరికి ఈ కొట్టు యజమానురాలి దగ్గరికి వచ్చి, సరిచూసే పనికి రాకముందు తాను కుట్టుమనిషినేననీ, సూది ఇస్తే చాలనీ అడిగింది. యజమానురాలిని అందరూ పెద్దమ్మ అంటారు. పెద్దమ్మ రమ్మంది.

చిన్నక్క ప్రకటన విని పెద్దమ్మ మెట్లెక్కి పైకి వచ్చింది. ఆవిడ మనిషి బొద్దుగా, నెమ్మదిగా ఉంటుంది. వాదించడం ఆవిడకి బొత్తిగా చేతకాదని అందరూ అనుకుంటారు. ఆ అనుకోవడం వల్లే ఆవిడ పనులన్నీ అవుతాయని నా అనుమానం.

"దిగుదువుగానిలే చిన్నక్కా, ఎవరు ఆపారు?" అంది, పక్కనే స్టూలు లాక్కుని. "దిగేముందు నాకో సాయం చేసిపెట్టు. నాకా కళ్లు సరిగా ఆనవు. ఆవిడ పని మంచిదో చెడ్డదో ఎవరు చెబుతారు? నీతో జత కూర్చోబెడతా. ఒక్కో తప్పూ వెతికి పట్టుకో. కుదరదు అన్నావనుకో, ఆవిడే దిగుతుంది. నీదే మాట."

చిన్నక్క లోలోపల పొంగిపోయింది. లాటు తిప్పికొట్టిన మనిషిని తిప్పికొట్టే అవకాశం! ఇంతకంటే ఏం కావాలి?

జత కూర్చోవడం అంటే ఇదీ. ఆ గదిలో ఒక గ్లౌజుల జతని ఒక్కరే కుట్టరు. కుడిచెయ్యి ఒకరు, ఎడమచెయ్యి ఒకరు. అనుభవం ఉన్నవాళ్లది కుడి. రెండోవాళ్లు ఆ కుడిని చూస్తూ ఎడమ కుట్టాలి. అయ్యాక రెంటినీ అరచేతులు ఆనించి నిలబెడతారు. దాన్నే వాళ్లు దండం పెట్టించడం అంటారు. వేలికి వేలు, కుట్టుకి కుట్టు సరిపోతే జత కుదిరినట్టు. కొత్తవాళ్లు కొన్నాళ్లు ఇలా కుట్టాక చివర్లో మెప్పు జత ఉంటుంది. ఇద్దరూ వేరువేరు గదుల్లో, ఒకరిది ఒకరు చూడకుండా కుట్టాలి. అందరి ముందూ దండం పెట్టించి, పెద్దమ్మ పాతమనిషిని అడుగుతుంది, జత కుదిరిందా అని. కుదిరిందంటే ఉద్యోగం. లేదంటే సంచీ సర్దుకోవాల్సిందే.

ఎర్రసుద్ద వచ్చింది. సన్నగా, పొడుగ్గా, కళ్లజోడు తాడుకి కట్టి మెళ్లో వేలాడేసుకుని ఉంది. ముప్పై దాటి ఎంతో ఉండదు. ఇంత లేతమొహాన్నా తాను ఇన్నాళ్లూ తిట్టుకున్నది అని చిన్నక్కకి ఒక్క క్షణం తికమకగా అనిపించింది. వెంటనే సర్దుకుని గొంతు బిగించింది.

"ఏమండీ, మా లాటు వెనక్కి పంపారు. గుర్తుందా?"

"ఉందక్కా. బొటనవేళ్లు బిగుతు."

గదిలో సూదులన్నీ ఆగిపోయాయి. "అంతేనా? ఇంకేమైనా చెప్పేదుందా?"

ఆమె నిజంగానే ఆలోచించింది. "లేదక్కా. మిగతాదంతా చాలా బావుంది."

చిన్నక్కకి ఒళ్లు మండిపోయింది. తప్పయిందనో, పైవాళ్లు చెప్పారనో ఒక్క ముక్క అంటే దాని సొమ్మేం పోయింది? ఆ రాత్రి కంచం ముందు భర్తకి అంతా వినిపించింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పైకీ కిందకీ పోయే వస్తువులతో వేగి వేగి మనిషికి ఓపిక వచ్చేసింది. "ఊఁ" అంటూ విన్నాడు.

మర్నాటి నుంచి తప్పుల వేట మొదలైంది. ఇక్కడే చిన్నక్క ఊహించని చిక్కు వచ్చిపడింది. తప్పు పట్టాలంటే చూడాలి కదా! ఇన్నేళ్లలో పక్కన కూర్చున్న ఎవరి చేతుల వంకా ఆమె అంత కళ్లు పెట్టి చూడలేదు. ఆ చేతులు తోలుని ముందు కాసేపు నిమిరి, సాగే వైపు ఏదో చూసుకునేవి. దారానికి మైనం రాసి, రెండు వేళ్ల మధ్య లాగి చూసి గానీ సూదిలో ఎక్కించేవి కావు. వేళ్ల మధ్య వేసే సన్న పట్టీల దగ్గర అందరూ తిట్టుకుంటారు. ఆమె మాత్రం అక్కడికి రాగానే ఇంకా నెమ్మదించేది. ఎంత వెతికినా తిట్టడానికి ఏమీ దొరక్క చిన్నక్కకి చిరాకెత్తింది.

ఒక మధ్యాహ్నం ఎర్రసుద్దే అడిగింది. "అక్కా, ఉంగరం వేలు మొదట్లో మీరు దారం కాస్త వదులుగా పోనిస్తారు. అన్ని గ్లౌజులకీ అంతే. ఎందుకు?"

చిన్నక్క చెయ్యి ఆగింది. ఆ వదులు ఆమె సొంత కిటుకు. ఉంగరం పెట్టుకున్న చేతికి అక్కడ నొక్కుకోకుండా ఉండాలని. ఇంతకాలంలో ఎవరూ కనిపెట్టలేదు, ఎవరూ అడగలేదు. "ఉంగరం ఉంటుంది కదా" అంది ముక్తసరిగా.

"అబ్బ!" అంది ఎర్రసుద్ద. ఆ ఒక్క ముక్కే. కళ్లజోడు సర్దుకుని, తన ఎడమచెయ్యి కుట్టు విప్పేసి, ఉంగరం వేలి దగ్గర వదులు ఇచ్చి మళ్లీ కుట్టింది. ఎడమచేతికీ ఉంగరాలుంటాయి కదా మరి.

ఆ సాయంత్రం చిన్నక్క ఇంటికి వెళ్తూ దారిలో తనలో తను నవ్వుకుంది. నవ్వుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. అన్నం తింటూ, "ఆ పిల్లకి కళ్లా అవి! వదిలిందీ బిగించిందీ అన్నీ కనిపెడుతుంది" అంది.

భర్త తల ఎత్తాడు. "ఏ పిల్ల?"

"అదే, ఎర్రసుద్ద."

"మొన్న రాక్షసి అన్నావు?"

"రాక్షసే. పని తెలిసిన రాక్షసి." కాస్త ఆగి, "మీకెందుకు, చారు వేసుకోండి" అంది.

ఆ తర్వాత రోజూ కంచం దగ్గర ఎర్రసుద్ద ముచ్చట్లే. తిట్టడానికి మొదలుపెట్టి మెచ్చుకుంటూ ముగించేది. ఆయన ఒకసారి, "ఆ అమ్మాయి మంచిదే అంటావా అయితే?" అన్నాడు. ఆ ప్రశ్నకి చిన్నక్క ఇంతెత్తున లేచింది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆ గదిలోనే చిన్నక్క ఆడపడుచు కూడా పని చేస్తుంది. వదిన ఏం అంటే అది రెండింతలు చేసి అనడం ఆవిడకి సరదా. ఒకరోజు భోజనాల వేళ, ఎర్రసుద్ద చెయ్యి కడుక్కోవడానికి వెళ్లగానే, ఆవిడ కళ్లజోడు పెట్టుకున్నట్టు నటిస్తూ ముక్కు ఎగబీల్చి, "ఒకళ్ల నోటి ముందు కూడు లాగేసే చెయ్యి, అది సూది పడితే మాత్రం బాగుపడుతుందా?" అంది. అందరూ పకపకా నవ్వారు.

ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకుంది చిన్నక్క. మరుక్షణం గుర్తొచ్చింది. తన మాటే. మొదటి వారం తనే అంది, ఇదే గదిలో, ఇదే బల్ల దగ్గర. అన్నప్పుడు ఎంత బాగుందో, ఇప్పుడు వినబోతే అంత రోతగా ఉంది.

"నోరు ముయ్యవే" అంది.

ఆడపడుచు తెల్లబోయింది. "అదేంటి వదినా, నువ్వేగా..."

"నా జత మనిషి. తిడితే నేను తిట్టుకుంటా. మధ్యలో నీకేంటి?"

తలుపు దగ్గర తడి చేతులతో ఎర్రసుద్ద నిలబడి ఉంది. ఎంత విందో ఏమో. వచ్చి తన చోట కూర్చుంది, డబ్బా మూత తీసింది, తింది. ఆమె కళ్లు మాత్రం ఎర్రబడి ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం చిన్నక్క ఉండబట్టలేక అడిగేసింది. "నిన్నెందుకు పీకేశారు ఫ్యాక్టరీలో?" మీరు పోయి నువ్వు వచ్చేసిందని ఆమె గమనించనే లేదు.

ఎర్రసుద్ద కుట్టు ఆపకుండానే చెప్పింది. మంటలార్పే వాళ్ల కోసం ఫ్యాక్టరీ ఒక పెద్ద లాటు చేసింది. మంటకి తట్టుకునే దారం వాడాల్సిన చోట మామూలు దారం వాడారు. పైకి తేడా తెలియదు. ఆమె ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూసింది. లాటు మొత్తానికీ ఇంటూ పెట్టింది. యజమాని స్వయంగా వచ్చి, గుడ్డ చేతికిచ్చి, ఆ సుద్ద తుడిచెయ్యమన్నాడు.

"తుడవలేదా?"

"ఎలా తుడుస్తానక్కా? లోపల చేతులుంటాయిగా."

అంతే. ఇంకేం చెప్పలేదు. తననీ తల్లినీ వీధిన పడేసిన సంగతిని, ఈ సాయంత్రం వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా చెప్పింది. తన లాటు మీద పడినదీ అదే సుద్దే కదా. అందరికీ ఒకటే గీత. యజమాని సరుకైనా, ముక్కూ మొహం తెలియని కుట్టుమనిషి సరుకైనా. ఈ పిల్లని ఇన్నాళ్లూ ఎంత తేలిగ్గా తిట్టేశాను అనుకుంటే చిన్నక్కకి సిగ్గేసింది. ఎంత గట్టిపిండం అనుకుంటే గర్వంగా కూడా అనిపించింది, తన కడుపున పుట్టిన పిల్ల అయినట్టు.

ఇంటికెళ్లి బీరువా అడుగు సొరుగు తీసింది. వెనక్కి వచ్చిన ఆ లాటులోంచి ఒక గ్లౌజుని, పగ చల్లారకూడదని, సుద్దతో సహా దాచిపెట్టుకుంది మహాతల్లి. తీసి చేతికి తొడుక్కుంది. బొటనవేలు సగం దాకా వెళ్లి ఆగింది.

"ఏంటది?" అన్నాడు భర్త.

"ఏం లేదు. తోలు కదా, పాతబడి బిగుసుకుపోయింది."

ఆయన గ్లౌజు వంకా, భార్య వంకా చూసి, "అవును, బొటనవేలి దగ్గర మాత్రమే పాతబడింది" అన్నాడు. చిన్నక్కకి నవ్వొచ్చింది గానీ ఒప్పుకుంటే ఎలా? సొరుగు ధడాలున మూసింది. మర్నాటి నుంచి మాత్రం ఆమె కుట్టే కుడిచేతి బొటనవేళ్లు కాస్త వదులయ్యాయి. ఎవరూ చెప్పలేదు, చేతులు వాటంతట అవే వదులు ఇచ్చేశాయి.

మెప్పు జత రోజు దగ్గరపడింది. ఇప్పుడు చిన్నక్కకి పట్టుకున్న బెంగ వేరు. ఆమె మనసు ఎప్పుడో దిగొచ్చింది. నోరు మాత్రం అందరి ముందూ చెప్పిన మాట దగ్గరే నిలబడి ఉంది. "కుదిరింది" అని చెప్పడం వరకూ చెబుతుంది, అది ఖాయం. కానీ తల దించుకుని చెప్పాలా? ఆడపడుచు ఎదురుగా మూతి తిప్పుకుంటూ కూర్చుని ఉండగా? రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. ఆ గదిలో ఒకళ్లకి కుడిచెయ్యి వదిలిపెట్టడం అంటే, నువ్వు నా అంత దానివి అని చెప్పినట్టే. అంతవరకూ ఎవరూ కొత్తమనిషికి అలా వదల్లేదు. తను ఎడమ కుడుతుంది. రెండు గ్లౌజులూ బల్ల మీద పడ్డాక అందరికీ వాటికవే చెబుతాయి, నోటితో పని లేదు.

పొద్దున్నే తోలు కత్తిరించే బాబాయ్ దగ్గరికి వెళ్లింది. "బాబాయ్, కుడి ముక్కలు ఆ పిల్లకి పంపు, ఎడమవి నాకివ్వు. ఎవరితోనైనా అన్నావో, నీ కత్తెర దాచేస్తా."

"నాకెందుకమ్మా" అన్నాడు బాబాయ్. ఆయన మాట మీద నిలబడే మనిషి. ఆ నిలబడటమే కొంప ముంచింది.

ఇద్దరూ చెరో గదిలో కూర్చుని తలుపులు వేసుకున్నారు. చిన్నక్క ఎంత ప్రాణం పెట్టి కుట్టిందో చెప్పలేను. పెళ్లిచీర అంచు కూడా అంత శ్రద్ధగా కుట్టి ఉండదు. సాయంత్రం అందరూ బల్ల చుట్టూ చేరారు. పెద్దమ్మ రెండు గ్లౌజులూ తీసుకుని అరచేతులు ఆనించింది. ఆనించి, తల పక్కకి వంచింది. తిప్పి మళ్లీ ఆనించింది. ఒక బొటనవేలు ఇటు, ఒక బొటనవేలు అటు.

రెండూ ఎడమవే.

ఆడపడుచు కిసుక్కుమంది. చిన్నక్క చటుక్కున బాబాయ్ వైపు చూసింది. బాబాయ్ పైకప్పు వైపు చూస్తున్నాడు.

జరిగింది ఇదీ. ఎర్రసుద్ద తన పళ్లెంలో కుడి ముక్కలు చూసి, ఎక్కడో పొరపాటు జరిగిందనుకుంది. చిన్నక్క కుడి కాక ఇంకేం కుడుతుంది? తప్పు కనిపిస్తే వదిలే మనిషి కాదాయె. వెనక్కి తీసుకెళ్లి, "బాబాయ్, నాది ఎడమ" అని ఎడమ ముక్కలు కోయించుకుంది. ఎవరితోనూ అనకూడదని మాటిచ్చిన బాబాయ్, అనకుండా కోసి ఇచ్చేశాడు.

ఎర్రసుద్ద మొహం పాలిపోయింది. ఆ మొహంలో ఆ ఒక్క గది, ఆ తల్లి, మూసుకుపోయిన తలుపులన్నీ కనబడ్డాయి చిన్నక్కకి. అయినా ఆ పిల్ల ఏం చేసిందో చూడండి! జేబులోంచి చిన్న సుద్దముక్క తీసింది. ఎర్రదే.

"ఇది జత కాదు పెద్దమ్మా" అంటూ, తను కుట్టిన గ్లౌజు మీదికే వంగింది.

సుద్ద తోలుకి తగలబోతుండగా చిన్నక్క ఆ మణికట్టు పట్టేసుకుంది.

"ఆగవే పిచ్చిమొద్దూ!" ఆ గొంతు మెట్ల కింద కొట్టుదాకా వినిపించి ఉంటుంది. "కుడి ముక్కలు నీకు పంపించింది నేను! కావాలనే పంపించాను. నువ్వు కుడి కుట్టాలని. నా అంత దానివని నోటితో చెప్పడానికి మొహం చెల్లక, దొడ్డిదారిన చెబుదామనుకున్నా. ఇప్పుడు చెబుతున్నా, అందరూ వినండి. ఆ లాటు బొటనవేళ్లు బిగుతే. తొడుక్కుని చూశాను. ఈ పిల్ల గీసిన గీత సరైందే. నేను అన్న మాటలన్నీ తప్పు."

అని, ఆ రెండు ఎడమలనీ తీసుకుంది. దండం పెట్టించకుండా, ఒకదాని మీద ఒకటి పరిచి బల్ల మీద పెట్టింది. "చూడండి మరి."

అందరూ వంగారు. వేలి మీద వేలు. కుట్టు మీద కుట్టు. పైది తీస్తే కింద మళ్లీ అదే. ఎర్రసుద్ద గ్లౌజులో ఉంగరం వేలి దగ్గర చిన్నక్క వదులు ఉంది. చిన్నక్క గ్లౌజులో బొటనవేలు ఎర్రసుద్ద ఒప్పుకునేంత విశాలంగా ఉంది. మధ్యలో తలుపులు వేసి ఉన్నాయి, ఒకళ్లది ఒకళ్లు చూడలేదు. ఆడపడుచు కూడా నోరు తెరిచి, వేలితో ఆ కుట్లు తడిమి చూసింది. "వదినా, ఏది నీదే?" అంది, ఈసారి వెక్కిరింత లేకుండా.

పెద్దమ్మ ఆనని కళ్లతో ఒక్కసారి చూసి, స్టూలు మీద వెనక్కి వాలింది. "ఏం చిన్నక్కా, జత కుదిరిందా?"

"కుదిరింది."

"మరి గడప దిగుతానన్నావు. వీళ్లంతా సాక్ష్యం అన్నావు."

"మోకాళ్లు నొప్పి. ఆ మెట్లు ఎవడు దిగుతాడు?"

గది గొల్లుమంది. ఎర్రసుద్ద నవ్వుతోందో ఏడుస్తోందో కళ్లజోడు తీసి తుడుచుకుంటేగానీ తెలియలేదు. రెండూ చేస్తోంది. ఆమె మణికట్టు ఇంకా తన చేతిలోనే ఉందని చిన్నక్క అప్పుడు చూసుకుంది. చూసుకుని కూడా వదల్లేదు.

"రెండు ఎడమలు నేనేం చేసుకోను?" అంది పెద్దమ్మ లేస్తూ. "రేపు ఇద్దరూ చెరో కుడి కుట్టండి."

మర్నాడు పొద్దున ఒకే బల్ల మీద, పక్కపక్కనే, ఇద్దరూ కుడిచెయ్యి కుడుతూ కూర్చున్నారు. ఆ గదిలో అలాంటిది అదే మొదలు. చిన్నక్క ముందు ముగించి, గర్వంగా పక్కకి జరిపింది. ఎర్రసుద్ద తీసుకుని, లోపల చెయ్యి పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"బొటనవేలు ఇంకొంచెం బిగుతుగా ఉందక్కా."

"నీ మొహం!" అంది చిన్నక్క. గ్లౌజు లాక్కుని, తనూ తొడుక్కుని చూసి, సణుక్కుంటూ కుట్టు విప్పడం మొదలుపెట్టింది.